గాలిలో లేచిన దర్వాజ

పానగల్ తొవ్వలో సర్కారు డబుల్ బెడ్‌రూం ఇళ్లు కడుతున్నప్పుడు, పొద్దుటి నడక ముగించుకుని రోజూ అక్కడ కాసేపు నిలబడేవాణ్ణి. ఇల్లు కట్టడమంటే నాకు తెలిసింది వేరు. మా చిన్నప్పుడు మట్టి గోడను ఒక్కసారికి మూరెడు ఎత్తే లేపేవారు. ఆ వరుస ఆరితేనే పై వరుస. ఇక్కడ కాంక్రీటు గోడలను ఊరి బయట అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, లారీ మీద నిలబెట్టి తెస్తున్నారు. కిటికీకి జాగా, కరెంటు తీగకు గొట్టం, దర్వాజకు ఇనుప చట్రం, అన్నీ గోడలోనే ఉంటాయి. క్రేను ఒక్కో గోడనూ ఎత్తి అంతస్తు మీద అంతస్తు పేర్చుకుంటూ పోతుంది. పొద్దున లేని గది మధ్యాహ్నానికి ఉంటుంది. ఇంటికి వచ్చి ఆ సంగతి డైరీలో రాస్తుంటే అబద్ధం రాస్తున్నానేమో అనిపించేది.

వాటిలో ఒక ఇల్లు మా అక్కది. పెళ్లయినప్పటి నుంచి అక్కా బావా మగ్గం మోసుకుని కిరాయి ఇళ్లు మారుతూనే ఉన్నారు. ఇల్లు మంజూరైంది కానీ ఏది ఎవరిదో అన్నీ పూర్తయ్యాక డ్రా తీసి చెబుతారట.

అక్కకు పట్టుకున్న ఫికర్ వేరే. మా వైపు దర్వాజ నిలబెట్టే రోజు పండుగ. ఇంటి ఆడమనిషి చట్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే దాన్ని లేపుతారు. చుట్టాలందరి దర్వాజలకూ అక్క వెళ్లింది. తనకు మాత్రం ఆ రోజు రాలేదు. ఇప్పుడు ఇల్లు వచ్చినా దర్వాజ ముందే లేచి ఉంటుంది. గృహప్రవేశం నాడు బొట్టు పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"లేసినంక పెడితే అది బొట్టు గాదు తమ్మి, రంగు," అంది.

ఒక రోజు పసుపు గిన్నె, కొబ్బరికాయ పట్టుకుని నా వెంట వచ్చింది. సూపర్‌వైజరు మా నెత్తిన హెల్మెట్లు పెట్టి, లారీ దాకా మాత్రమే పొమ్మన్నాడు. గోడకు కొక్కెం తగిలించే అతను మా బజారు ముస్లిం పిల్లవాడే, పెళ్లీడుకొచ్చాడు. అక్క దర్వాజ ఉన్న గోడ మీద చెయ్యి పెట్టబోతుంటే ఆపాడు.

"పెద్దమ్మా, గీ గోడ ఎవరింటికి పోతదో మాకే ఎర్కలేదు. మీది నిన్ననే పోయిందో ఏమో."

అక్క చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరుగుతుందనుకుని నేను గిన్నె అందుకోబోయాను. ఇవ్వలేదు.

"ఎవలింటికి పోతే ఏంది బిడ్డా. బొట్టు లేకుంట లేస్తే మంచిగుండదు."

"మేం గూడ అర్జీ పెట్టినం. మాకొస్తే?"

"తుడువకుమని మీ అమ్మకు చెప్పు," అని చట్రానికి పసుపు రాయడం మొదలుపెట్టింది.

బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాక క్రేను తీగలు బిగుసుకున్నాయి. అంత బరువు గోడ చప్పుడు లేకుండా లారీని వదిలింది. మా తలల ఎత్తు దాటింది, కరెంటు స్తంభం దాటింది. గాలిలో మెల్లగా తిరిగినప్పుడు ఆ పసుపు దర్వాజలోంచి ఆకాశం కనిపించింది. ఇన్నేళ్లలో ఎన్నో దర్వాజలు దాటాను కానీ, అటూ ఇటూ ఇల్లే లేని దర్వాజను చూడటం అదే మొదలు. పై అంతస్తులో మనుషులు చేతులు చాచి దాన్ని అందుకున్నారు. అది దాని చోట కూర్చుంది.

కొక్కెం ఖాళీగా దిగి వచ్చింది. లారీ మీది రెండో గోడలో కూడా దర్వాజ ఉంది. అక్క గిన్నె నా ముందు పెట్టి, పసుపులో ఇంకొన్ని నీళ్లు పొయ్యమంది.