ఎడమకాళ్ల కంపెనీ

వీధిలో ఏ పని జరిగినా అది తానే చేశానని చెప్పుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. మిగతా అన్నివిధాలా ఆరోగ్యవంతుడు. కుళాయిలో నీళ్లొస్తే "నేనే రప్పించాను" అనేవాడు. ఆగిపోతే "పైపు కడగమని నేనే ఆపించాను" అనేవాడు. ఎవరింట్లోనైనా కాన్పు సుఖంగా జరిగితే "డాక్టరమ్మకు నేనే గట్టిగా చెప్పాను" అనేవాడు. ఆ డాక్టరమ్మ జన్మలో ఈయన ముఖం చూసి ఎరగదు. పిల్లలూ పెద్దలూ ఆయన్ని నేనే బాబాయి అని పిలిచేవారు. ఇంత చక్కటి పేరు మీకెవరు పెట్టారండీ అని కొత్తగా అద్దెకు దిగినాయన అడిగితే, మీసం దువ్వుకుని చెప్పిన జవాబు కూడా అదే.

బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. "నేను ఈల ఊదందే ఒక్క బస్సు కదిలేదా?" అనేవాడు. అది నిజమే. మిగతా ఘనకార్యాలకు సాక్షులు లేరు. పైగా ఆయనకు మంచిపనీ చెడ్డపనీ అన్న తేడా కూడా ఉండేది కాదు. ఓ మధ్యాహ్నం కిరాణా కొట్టు అద్దం భళ్లున పగిలింది. కొట్టాయన కర్ర పట్టుకుని "ఎవడ్రా అది?" అంటూ వీధిలోకి ఉరికాడు. నేనే బాబాయి లాల్చీ జేబులో చెయ్యి పెట్టుకుని ఎదురొచ్చి, "నేనేనయ్యా! అద్దం గట్టిదో కాదో చూద్దామని" అన్నాడు. కొట్టాయన "పెద్దాయనకు పూర్తిగా మతిపోయింది" అని కర్ర దించి లోపలికి పోయాడు.

ఈ జబ్బు వీధి అందరికీ వినోదం. టైలరమ్మకు మాత్రం తలనొప్పి. ఊళ్లోని బట్టల మిల్లు మూతపడేదాకా ఆమె అక్కడ కుట్టు మీద, ఆమె భర్త బట్టల కటింగు మీద పనిచేశారు. భర్త నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఆమె తీర్చేది.

ఓ రోజు కుళాయి దగ్గర టైలరమ్మ చెప్పు తెగింది. కొని నెల తిరగలేదు.

"ఎక్కడో తయారై, ఎవరికో లాభం తెచ్చే ఈ చెప్పులు మనకెందుకు? మనకు చేతుల్లేవా? బట్టలూ చెప్పులూ మనమే చేసుకుందాం. ఇంటికో వాటా వేసుకుందాం!" అంది, తెగిన చెప్పు గాల్లో ఊపుతూ.

బిందెలవాళ్లంతా నవ్వారు. సాయంత్రానికి నేనే బాబాయి గడప గడపకూ తిరుగుతూ "నాకో ఆలోచన వచ్చింది" అని చెబుతున్నాడు.

టైలరమ్మకు కడుపు మండిపోయింది. నడివీధిలో నిలదీసింది.

"బాబాయిగారూ, ఆ తెగిన చెప్పు నాది!"

"కాదన్నానా? 'చెప్పు తెగిందమ్మాయ్, చూసుకో' అన్నదెవరు?"

"మీరే."

"మరి?"

టైలరమ్మ విసురుగా వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

అయినా ఉన్నమాట ఒప్పుకోవాలి. టైలరమ్మ చెబితే నవ్వినవాళ్లే, చెవిలో జోరీగలా ఈయన పోరు పడలేక వాటాలు వేశారు. డబ్బు లేనివాళ్లు కుట్టుమిషనిచ్చారు, బల్లలిచ్చారు, ఓ ముసలావిడ తన పంకా ఇచ్చి ఎండాకాలమంతా వచ్చి దాని కిందే కూర్చుంది. మిల్లు వెనక పాత గోడౌను అద్దెకు తీసుకున్నారు. 'మన బట్టలు - మన చెప్పులు' అని బోర్డు పెట్టారు. ఆ అక్షరాలు తానే రాశానని నేనే బాబాయి చెబుతున్నప్పుడు పెయింటరు ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు, చేతిలో కుంచెతో.

చొక్కాలూ లంగాలూ బాగానే పోయాయి. తర్వాత చెప్పులు. చేతిలో ఉన్నదంతా పెట్టి తోలు తెచ్చారు. కటింగు టైలరమ్మ భర్తకు అప్పగించారు. కుట్టుపని రెండు బల్లల మీద ఆడవాళ్లు పంచుకున్నారు. సరిగ్గా అప్పుడే నేనే బాబాయికి నడుం పట్టేసింది. ఆయన మంచమెక్కడంతో గోడౌనులో మిషన్ల చప్పుడు మొదటిసారి సరిగ్గా వినపడింది.

అమ్మకం మొదలుపెట్టాల్సిన రోజు పొద్దున్నే టైలరమ్మ జతలు కట్టడానికి కూర్చుంది. ఒక చెప్పు తీసింది. జోడు కోసం వెతికింది. ఇంకోటి తీసింది. గంప బోర్లించింది. రెండో గంపా బోర్లించింది.

"కుడివేవీ?"

"ఆ బల్ల మీద కుడుతున్నారు కదక్కా?" అన్నారు ఈ బల్లవాళ్లు.

"మేం మీరు కుడుతున్నారనుకున్నాం!" అన్నారు ఆ బల్లవాళ్లు.

గోడౌను నిండా చెప్పులు. అన్నీ ఎడమకాలివే.

సంగతేమిటంటే, కటింగు చేసిన ఆ మహానుభావుడు జన్మంతా బట్టే కోశాడు. బట్టను మడిచి కత్తెర పెడితే రెండు పొరలూ ఒకేసారి తెగి కుడివైపుదీ ఎడమవైపుదీ వాటంతట అవే వస్తాయి. తోలు అలా మడతపడే సరుకు కాదు. ఒక్కో పొరే కొయ్యాలి. ఎడమవి కోశాక అట్ట అచ్చును తిరగేసి పెట్టి కుడివి కొయ్యాలి. ఆ తిరగెయ్యడమే ఆయనకు తట్టలేదు.

"నేను వెళ్లిపోతానే" అన్నాడు భార్యతో, కత్తెర బల్ల మీద పెట్టేసి.

"ఎక్కడికి?"

"ఏమో."

అంత మంది నోట పడితే ఈ మనిషి మళ్లీ కత్తెర ముట్టుకోడని టైలరమ్మకు తెలుసు. వాటాలు వెనక్కి అడిగితే గోడౌనుకు తాళమే.

గంట తిరక్కుండా వాటాదారులంతా పోగయ్యారు. అందరికంటే పెద్ద గొంతు కొట్టాయనది.

"ఎవరమ్మా ఈ నిర్వాకం చేసింది? ముందు పేరు చెప్పండి. తర్వాత నా వాటా నాకిచ్చెయ్యండి!"

మూలన టైలరమ్మ భర్త లేవబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"నేనే!" అన్న కేక గుమ్మం దగ్గర వినపడింది.

నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, చేతికర్ర మీద వాలి నేనే బాబాయి నిలబడి ఉన్నాడు.

"మీరా? మీరు మంచం దిగి ఎన్నాళ్లయింది?" అన్నాడు కొట్టాయన.

"మంచం మీదుండే చేయించాను. ఆలోచనకు నడుంతో పనేమిటయ్యా?"

"అన్నీ ఎడమవేమిటండీ మరి?"

"సిపాయిలు కవాతు మొదలుపెట్టేది ఏ కాలితో?"

"ఎడమకాలితో."

"మరి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టాయన నవ్వకూడదని పళ్లు బిగించాడు.

"రెండు కాళ్లూ ఒకేసారి చేసిస్తే తలో జతా చంకన పెట్టుకుని పోతారు. మళ్లీ ఈ గోడౌను మొహం చూస్తారా? ఇప్పుడు రెండోకాలి కోసమైనా రాక ఏం చేస్తారు?" అన్నాడు నేనే బాబాయి.

పంకా ముసలావిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఇక గోడౌనంతా అదే నవ్వు. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఓ మనిషి కావాలి. ఈయన మీద కోపం తెచ్చుకోవడం ఆ వీధిలో ఎవరికీ చాతకాదు.

"చూడండి, ఎడమవేవీ పాడైపోలేదు. వీటికి సరిపడా కుడివి కోస్తే అనుకున్నదానికి రెట్టింపు జతలు. కావలసింది తోలే. ఇంటికో ఎడమ చెప్పు పట్టుకెళ్లి గుమ్మం పక్కన మేకుకు తగిలించండి. జత కావాలన్నవాళ్లు తోలుకు తలా కాస్త వెయ్యండి" అన్నాడాయన.

కొట్టాయన కాసేపు గొణిగాడు. తర్వాత వంగి, కుప్పలో తన కాలికి సరిపోయేది వెతకడం మొదలుపెట్టాడు.

వీధి పొడుగునా గుమ్మానికో ఎడమ చెప్పు వేలాడింది. దారినపోయేవాళ్లు ఆగి అడిగేవారు. అడిగినవాళ్లకు కథ చెప్పేవారు. విన్నవాళ్లు నవ్వుకుని తమకూ ఓ జత కావాలని చెప్పిపోయేవారు. టైలరమ్మ భర్త మళ్లీ కత్తెర పట్టాడు. ఈసారి ఎంత జాగ్రత్తపడ్డాడంటే, అచ్చును తిరగేసి, అనుమానమొచ్చి ఇంకోసారి తిరగేసేవాడు. "రెండుసార్లు తిప్పితే మొదటికొస్తుందయ్యా!" అని భార్య అరిచేది.

కుడివి పూర్తయిన రోజు టైలరమ్మ మొదటి జత పట్టుకుని నేనే బాబాయి ఇంటికి వెళ్లింది.

"ఆ రోజు మీకు కబురెవరు చెప్పారు బాబాయిగారూ?"

"కబురేమిటమ్మా? చేయించిన నాకు ఒకరు చెప్పాలా?"

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం."

"ఇద్దరున్నా ఇరవైమంది ఉన్నా నేనే!" అంటూ చెప్పులు తొడుక్కుని అటూ ఇటూ నడిచాడు. "బాగా కోశాను."

టైలరమ్మ చూపు ఆయన లాల్చీ జేబు మీద పడింది. కిరాణా కొట్టు అద్దం పగిలిన రోజు ఆ జేబు పిల్లలాడుకునే బంతంత ఉబ్బి ఉండటం ఆమెకిప్పుడు గుర్తొచ్చింది. గోడకు బండి గుద్దిన పాలవాడు గుర్తొచ్చాడు. అత్తగారి గాజు కూజా పగలగొట్టిన పక్కింటి కొత్తకోడలు గుర్తొచ్చింది. ఆయన "నేనే" అన్నవాటిలోంచి గొప్పలు తీసేసి చూస్తే, మిగిలినవన్నీ ఇంకెవరో తిట్లు తినాల్సినవే.

ఆ తర్వాత కొన్నాళ్లకు పక్క ఊరివాళ్లు గోడౌను చూడటానికి వచ్చారు. వాళ్లూ ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటున్నారు.

"ఇంతకీ ఇదంతా మొదలుపెట్టిందెవరండీ?" అని అడిగారు.

నేనే బాబాయి కండువా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే టైలరమ్మ అందుకుంది.

"ఈయనే."

నేనే బాబాయి ఉలిక్కిపడ్డాడు. ఆ ముక్క జీవితంలో మొదటిసారి ఇంకొకరి నోట విన్నాడు. కండువా తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అబ్బే... ఆలోచన అమ్మాయిదేనండీ" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

గోడౌనులో మిషన్లన్నీ ఆగిపోయాయి. బల్లల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి. కత్తెర చేతపట్టుకుని టైలరమ్మ భర్త అలాగే ఉండిపోయాడు.

ఆ నిశ్శబ్దం నేనే బాబాయి ఎంతోసేపు భరించలేకపోయాడు.

"కాకపోతే, చెప్పు తెగిందని చెప్పింది మాత్రం నేనే!"