వదినెను తొక్కని ఆదివారం

పోయిన వానాకాలం, నాట్లు అయిపోయిన మరుసటి ఆదివారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నావని ఎవరైనా అడగవచ్చు. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గనిపించి యాభై నాలుగేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. వాటితోపాటే గడియారం చూడడమూ వచ్చింది. అప్పటి నుంచి ఏది జరిగినా ముందు గోడ వైపు చూడడం నాకు అలవాటు.

ఆ టైంకు మా వాకిట్లో ఆటో ఆగింది. వెనక సీటు మీద అడ్డంగా మా ఆడబిడ్డ పడుకొని ఉంది. ఆమె తల తన కోడలి ఒడిలో, కాళ్లు బయటికి. ఆమెది కొడకండ్ల, మాది జనగామ దారిలో చిన్న ఊరు. నా మొగుడికి అక్క కాబట్టి నాకు వదినె. డెబ్బై దగ్గర పడ్డా పదిహేను మేకల వెంట రోజూ తిరిగే మనిషి.

ముందురోజు సాయంత్రం కింద పడి లేవలేకున్న మనిషిని దవాఖానకు కాకుండా మా ఇంటికి ఎందుకు తెచ్చారో చెప్పాలి. నేను మా అమ్మ కడుపులోంచి తలతో కాక కాళ్లతో బయటికి వచ్చానట. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎడమ మడిమెతో మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. పెళ్లై వచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు మా వాకిట్లో బోర్లా పడుకున్నారు. సర్పంచులు, టీచర్లు, ఒకసారి ఒక కాంపౌండరు కూడా. నా మడిమెలో మహిమ ఉందని నేనెన్నడూ అనుకోలేదు. పట్టేసిన నడుము నాలుగు రోజులకు దానంతటదే వదులుతుంది, పేరు నాకు వస్తుంది. వచ్చిన పేరును వద్దనేంత మంచిదాన్ని కాను.

అయితే ఆ ఏడు ఎండాకాలంలోనే నాకు కుడి గజ్జల్లో నొప్పి మొదలైంది. నడిస్తే మోకాలిదాకా లాగేది. పీట మీద కూర్చుంటే లేవలేను. నన్ను నేను తొక్కుకోలేను కదా! మహబూబాబాద్‌లో ఉండే మా బిడ్డ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మా వైపు మెడ కింద నుంచి మోకాలి పైదాకా ఎక్కడ నొచ్చినా దాని పేరు నడుము నొప్పే. ఆ డాక్టరు నా కాలు మడిచి, లోపలికీ బయటికీ తిప్పి, "నడుము కాదవ్వా, తుంటి కీలు అరిగింది" అన్నాడు. గజ్జల్లో నొప్పి చాలాసార్లు తుంటిదేనట, మోకాలిదాకా పాకడమూ దాని పనేనట. గోళీలు రాసి, కట్టెను ఎడమ చేత్తో పట్టుకోమన్నాడు.

"నొప్పి కుడి దిక్కుంటె కట్టె ఎడమ చేతికా? ముసల్దాన్నని నవ్వులాటనా నాయినా?" అన్నాను.

గదిలో నాలుగు అడుగులు నడిపించాడు. ఆయన చెప్పిందే నిజం. ఒప్పుకోవడానికి నాకు ఇంకో నాలుగు అడుగులు పట్టింది.

ఆయన గది బయట గోడకు తుంటి నొప్పి గురించి ఒక కాగితం అంటించి ఉంది. చదువుకున్నవాళ్లు దాన్ని ఒక చూపు చూసి పోతున్నారు. నేను కూడబలుక్కుంటూ చదవాలి కాబట్టి నా వంతు వచ్చేదాకా అదే పని పెట్టుకున్నాను. అట్లా చదివింది ఒక పట్టాన మరిచిపోలేము. నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, పడుకున్నా వదలకపోతే చూపించుకోవాలని ఉంది. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, పడ్డాక ఆ కాలి మీద బరువు మోపలేకపోయినా, కాలు పొట్టిదైనట్టో పక్కకు తిరిగినట్టో కనిపించినా ఆ పూటే దవాఖానకు పోవాలని, రుద్దవద్దని, లాగవద్దని ఉంది. తొక్కవద్దని మాత్రం రాయలేదు. రాసినవాళ్లకు మా ఊరి సంగతి తెలియదు.

ఆటో దగ్గరికి పోగానే వదినె గొంతు లేపింది.

"గట్ల చూస్తవేందే మరదలా? దించుండ్రి నన్ను. మూడు తొక్కులు తొక్కు, నా మేకల కాడికి నేను పోత."

"ఎట్ల పడ్డవు వదినె?"

"నల్లా నీళ్లు పట్టే కాడ పాకురు మీద కాలు జారింది, నిన్న పొద్దుమూకి. నడుం పట్టింది, గంతే."

కోడలు అందుకుంది. "అప్పటి సంది అడుగు పెడతలేదు చిన్నమ్మా. గోళీ ఇస్తె ఏం తగ్గలే. జనగామ పోదాం అత్తమ్మా అంటె, నా మరదలు కాడికే పోదామంటది."

దించవద్దని చెప్పి చీర కుచ్చెళ్లు కొంచెం జరిపి చూశాను. కుడి పాదం బయటికి వాలిపోయి ఉంది. రెండు మడిమెలు పక్కపక్కన చూస్తే కుడిది రెండు వేళ్లు పైకి ఉంది. కాలు లేపమన్నాను, లేవలేదు. నొప్పి ఎక్కడో చెయ్యి పెట్టి చూపించమంటే గజ్జల్లో పెట్టింది.

"నేను తొక్క," అన్నాను. "ఇది నడుం కాదు. తుంటి ఇరిగినట్టున్నది."

"రెండు అక్షరాలు రాంగనే డాక్టరమ్మవైనవా? ఊరందర్ని తొక్కినవు, నన్ను తొక్కుటానికే నీకు కాలు వస్తలేదా?"

"నిన్ను తొక్కాలని నాకు లేదా వదినె? మీ ఇంట్ల అడుగువెట్టిన నాటి సంది ఆశ. ఇయ్యాల నీ అంతట నువ్వే తొక్కుమంటున్నవు, నేను తొక్కేటట్టు లేదు. నా తలరాత!"

ఆటో నడిపేవాడు పగలబడి నవ్వాడు. వాడికి పెళ్లి ట్రిప్పు ఉంది. "ఒక్కటన్న తొక్కు పెద్దవ్వా, నాకు ఆలస్యమైతుంది" అన్నాడు.

నా మొగుడు పందుంపుల్ల నోట్లోంచి తీసి, "మా అక్క గంత దూరంకెళ్లి వస్తె గిదా మర్యాద?" అన్నాడు.

"తొక్కితె ఇరిగిన బొక్క ఇంకింత పక్కకు జరుగుతది. ఇగ బతికినన్నొద్దులు మీ అక్కను నువ్వే ఎత్తుకొని తిప్పుతవా?"

ఆయన వాళ్ల అక్కను కాళ్ల నుంచి తలదాకా చూశాడు. ఆమె సన్నపాటి మనిషి కాదు. పుల్ల మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇంతలో కోడలు భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసే తన మొగుడికి ఫోన్ కలిపింది. వాడు ఫోన్‌లోంచే అరిచాడు. "అత్తా, తొక్కు జర. దవాఖాన సంగతి నేను రేపు వచ్చి చూస్త."

"రేపు నువ్వొస్తవు బిడ్డా, కాలు రాదు."

"నీకెట్ల ఎరుక?"

"చదివిన, గోడ మీద."

"గోడ మీద సినిమా పోస్టర్లు గూడ ఉంటయి పెద్దవ్వా," అన్నాడు ఆటోవాడు.

నాకూ లోపల గుబులుగానే ఉంది. ఒకవేళ పట్టేసిన నడుమే అయితే నాలుగు ఊళ్లు నవ్వుతాయి. నా మాట నిజమైతే మాత్రం ఒక్క తొక్కుకు ఆమె నడక పోతుంది. నవ్వితే నవ్వనీ అనుకొని, ఆమెను దించకుండా ఆటోకు అడ్డంగా నిలబడ్డాను.

వదినె అరవడం ఆపింది. "మరి మేకలెట్లనే?" అంది చిన్నగా. ఆమె భయపడగా నేను చూడడం అదే మొదలు.

"కొన్ని రోజులు నీ కోడలు చూస్తది. నువ్వు మంచాన పడితె ఇగ ఎప్పటికీ నీ కోడలే చూస్తది."

వదినె కళ్లెత్తి కోడలి వైపు చూసింది. "దీనికి మేకకు గొర్రెకు తేడా తెల్వది. చెయ్యుండ్రి ఫోన్!"

కోడలు మొగుడి ఫోన్ కట్ చేసి నూట ఎనిమిదికి కొట్టింది. అందులో వచ్చిన ఇద్దరు పిల్లగాళ్లు వదినెను కదలకుండా బల్ల మీదికి జరిపి, రెండు కాళ్లూ కలిపి కట్టి జనగామ తీసుకుపోయారు. నేనూ ఎక్కాను. ఎక్స్‌రే ఫొటో తీస్తే తుంటి కీలు బంతి కింద ఎముక మెడ విరిగి ఉంది.

"ఎవరన్న రుద్దిన్రా, లాగిన్రా?" అని డాక్టరు అడిగాడు.

"తొక్కుమంటనే పోయిన సారూ. ఈ మొండిది తొక్కనంటె తొక్కనన్నది!" వదినె నా మీద ఫిర్యాదు చేసింది.

"మంచి పని చేసింది" అన్నాడాయన. ఆ మాట ఆమె వినలేదంటుంది. విన్నది.

మూడో రోజు ఆపరేషన్ చేసి కొత్త బంతి పెట్టారు. మరునాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. దసరా దాటాక మేకల వెంట బయల్దేరింది, ముందటంత వేగం లేదు కానీ తిట్లకు తక్కువ లేదు. నన్ను చూస్తే ఇప్పటికీ, "అక్కరకు తొక్కని మరదలు" అని పది మందిలో అంటుంది. అననీ, నిలబడి అంటోంది కదా.

ఆ పొద్దు మా వాకిట్లో ఉన్నది వీళ్లు: కట్టె పట్టుకొని నేను, పందుంపుల్లతో నా మొగుడు, ఫోన్ కొట్టిన కోడలు, పెళ్లి ట్రిప్పు పోగొట్టుకొని కూడా కదలకుండా చూసిన ఆటోవాడు, నూట ఎనిమిదిలో వచ్చిన ఇద్దరు పిల్లగాళ్లు, బల్ల మీద పడుకొని అందరికీ పనులు చెప్పిన మా వదినె. భూపాలపల్లి మేనల్లుడు అందరికంటే గట్టిగా అరిచాడు కానీ, వాడు ఫోన్‌లో ఉన్నాడు, లెక్కలోకి రాడు.