తల్లిదండ్రులకు పెట్టిన పరీక్ష

నాకు ముక్కు మీద కోపం. ఎదుటివాళ్ల గోడు ఓపిగ్గా వినాల్సిన ఉద్యోగంలోకి నన్ను ఎవరు రానిచ్చారో నాకే తెలియదు. ధర్మవరంలో ఒక హైస్కూల్లో కౌన్సెలర్‌గా చేరుతున్నానని చెప్పినప్పుడు మా నాయన గార్లదిన్నె దగ్గర మా చేలో వేరుశనగ పీకుతున్నాడు. నడుం ఎత్తి ఒక్కటే అడిగాడు.

"దాంట్లో ముందుకు పోయేదేమన్నా ఉండాదా పాపా?"

టీచరు హెడ్మాస్టరవుతాడు, గుమాస్తా సూపరింటెండెంటవుతాడు, మరి పిల్లలతో మాట్లాడే మనిషి ఏమవుతుందో ఆయనకు అంతుబట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతుబట్టలేదు. ఎందుకుండదని గొంతు పెంచి, ఆయన ఇంకేమీ అడక్కముందే బస్సెక్కేశాను.

మొదటి ఏడాదంతా నా పని ఈగలు తోలుకోవడమే. ఆటసామాన్లు పెట్టే గదిలో సగం నాకిచ్చారు. మిగతా సగంలో గాలి పోయిన ఫుట్‌బాళ్లు. ఆ గదిలోకి వెళితే పిచ్చి అనుకుంటారని పిల్లలు గుమ్మం దగ్గరే దారి మార్చేసేవారు. ఏ టీచరైనా సెలవు పెడితే హెడ్మాస్టరు ఆ క్లాసులోకి నన్ను తోలేవారు. కబుర్లు చెప్పడానికి కూడా జీతమిస్తారా అని లెక్కల సారు స్టాఫ్ రూములో నవ్వితే నాకు ఒళ్లు మండిపోయేది. ఉద్యోగం కూడా ఏడాదికొకసారి కమిటీ దయ మీద ఆధారపడిందే. వచ్చే ఏడాది ఈ పోస్టు ఉండదని ప్యూను కూడా అనేవాడు.

రెండో ఏడాది ఫిబ్రవరిలో ఆ లెక్కల సారే ఒక జవాబు పత్రం తెచ్చి నా బల్ల మీద పడేశారు. పదో తరగతి అమ్మాయిది. అర్ధ సంవత్సర పరీక్ష దాకా లెక్కల్లో క్లాసు ఫస్టు. ఇప్పుడు పబ్లిక్ పరీక్షలకు ముందు పెట్టే ప్రీఫైనల్లో ఫెయిలు. ప్రేమో గీమో అయ్యుంటుంది, కనుక్కోండి అని వెళ్లిపోయారు.

ఆ పిల్లను పిలిచి నేను చేసిన మొదటి పని తిట్టడం. పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి, మీ నాయన కష్టపడి చదివిస్తున్నాడు, నీకు బాధ్యత లేదా అంటూ అరగంట వాయించాను. తల దించుకుని విని వెళ్లిపోయింది. ఆ తర్వాత పత్రం తిప్పి చూశాను. పక్కన చిత్తులెక్క వేసుకునే చోట ప్రతి లెక్కా సరిగ్గా ఉంది. చిత్తులో ఇరవై నాలుగని వచ్చింది, జవాబులో నలభై రెండని రాసింది. ఒకటి రెండు కాదు, ఆఖరి లెక్క దాకా అంతే. ఈ పిల్ల ఫెయిల్ కాలేదు, కావాలని ఫెయిలైంది. పావుగంట క్రితం నేను వాగిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు నోరు కట్టేసుకుని కూర్చున్నాను. పత్రం ముందు పెట్టి చిత్తులెక్క మీద వేలు పెట్టాను, అంతే. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చి, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది.

"మా నాయనకు కండ్లు సరిగ్గా కనపడవు మేడం. పోగు తెగితే నేనే అతుకుతా. నేను అనంతపురం పోతే మా మగ్గం నిలిచిపోతాది."

వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు. బడికి రాకముందు ఒక గంట, బడి వదిలాక చీకటి పడేదాకా ఈ పిల్ల మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగులు అతుకుతుంది, పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడెల్లో దేంట్లో ఏ రంగుందో చెబుతుంది. అమ్మ కూలికి పోతుంది. మార్కులొస్తే కూతుర్ని అనంతపురంలో హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివిస్తానని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. మొండి మనిషి, కళ్లు పోయినా పంపించి తీరతాడు. అందుకని మార్కులే రాకుండా చేసుకుంటోంది. ఇక కళ్ల సంగతి బయట పడితే పట్టు ఇచ్చి చీర తీసుకునే షావుకారు మగ్గానికెక్కించే పడుగు పోగులు ఇవ్వడు. అందుకే ఆయన ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కలేదు.

ఆ సాయంత్రం బస్సులో నాకు అదే ఆలోచన. చెబితే నన్ను నమ్మిన పిల్లను ముంచినట్టు. చెప్పకపోతే పబ్లిక్ పరీక్షలోనూ సరైన జవాబు చిత్తులోనే ఉండిపోతుంది. అంతలో కండక్టరు వచ్చి నా పాసు అడిగి, చెయ్యి బారెడు దూరం చాచి పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు. ఆయన అలా చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. నలభై దాటిన వాళ్లలో ఎవరికి కనపడుతోంది గనక! అందరి కళ్లూ చూస్తే ఒకరి గుట్టు బయటపెట్టినట్టు కాదు.

తల్లిదండ్రుల సమావేశంలో అందరికీ కంటి పరీక్ష పెడదామని హెడ్మాస్టరును అడిగాను. మీరు పిల్లలకు కౌన్సెలరా, వాళ్ల నాయనలకా అన్నారాయన. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాళ్లకు అందులో ఏముందో కనపడొద్దా సార్ అన్నాను. కాసేపు బుర్ర గోక్కుని సరేనన్నారు. ముఖ్య అతిథిగా ఆ పట్టు షావుకారునే పిలవమన్నది కూడా నేనే. ఆయన బడి కమిటీలో పెద్ద మనిషి. జెండా పండగనాడు ఉపన్యాసం కాగితాన్ని దూరంగా పెట్టుకుని రెండు వరుసలు ఎగరగొట్టడం నేను చూశాను.

ఆ రోజు గవర్నమెంటాస్పత్రి కంటి డాక్టరు అక్షరాల అట్ట గోడకు తగిలించాడు. చదువు రానివాళ్లకు గీతలు ఎటు తిరిగాయో చేత్తో చూపించే అట్ట వేరే. అక్షరాలు చూపించే బెత్తాలు పిల్లల చేతుల్లో, చెమటలు పెద్దవాళ్ల మొహాల మీద. మొదట అతిథిగారు. మూడో వరుస దగ్గర ఆగి, అచ్చు సరిగ్గా పడలేదన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వేసి వెనక్కి తిరిగారు.

"ఏమప్పా, నాకే కనపడల్యా, మీకేం కనపడతాది? రాండి అందరూ."

నేను నెల రోజులు బతిమాలినా జరగని పని ఆ ఒక్క మాటతో జరిగిపోయింది.

ఆ పిల్ల నాయన తలుపు పక్కన నిలబడి, బయటికి జారుకునే దారి చూసుకుంటున్నాడు. కూతురే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అన్నిటికన్నా పైనున్న పెద్ద గీతలే ఆయనకు కనపడలేదు. డాక్టరు టార్చి వేసి చూసి, రెండు కళ్లలోనూ పొర ఉంది, తీసేస్తే బాగా కనపడుతుందన్నాడు. ఆయన డాక్టరు వైపు చూడలేదు. షావుకారు ఉన్న వైపు తిరిగి నిలబడ్డాడు. తప్పు చేశానేమో అనుకున్నాను.

"పోయి తీయించుకో," అన్నారు షావుకారు. "పడుగు యాడికీ పోదు. నీ మగ్గం నీకే ఉంటాది."

ఆ పిల్ల నాయన బెంచీ మీద కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ పిల్ల నా వంక చూసింది. నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు, అది దానికీ తెలుసు. ఆ రోజు నా అంత మొనగత్తె జిల్లాలో లేదనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

పరీక్షలకు ముందే ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది తర్వాత చేశారు. ఏప్రిల్లో కమిటీ కూర్చున్నప్పుడు షావుకారు కొత్త కళ్లద్దాలతో నా పేరున్న కాగితం తనే చదివి, ఈ మేడం ఉండాల్సిందే అన్నారట. పైగా ఊరికి అటువైపున్న కమిటీ వాళ్ల ఇంకో బడికి కూడా వారానికి రెండు రోజులు నన్ను పంపమన్నారు. ఫుట్‌బాళ్లు వేరే గదికి పోయాయి. లెక్కల సారు ఇప్పుడు పిల్లల్ని పంపేముందు నాకు టైముందా అని అడుగుతున్నారు.

ఫలితాలొచ్చిన రోజు ఆ పిల్లా, వాళ్ల నాయనా నా గదికి వచ్చారు. ఆయన జేబులోంచి ఫోను తీసి, ఒక్కో సబ్జెక్టూ నింపాదిగా చదివాడు.

"లెక్కలు, తొంభై ఏడు. నేనే చదివినా మేడం. ఎవురూ చెప్పల్యా."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని ఇంకో మాట అడిగాడు.

"పాప మీ మాదిరి ఉద్యోగమే చేస్తానంటాది. దాంట్లో ముందుకు పోయేదేమన్నా ఉండాదా?"

"ఉండాదన్నా. కూసోండి," అన్నాను. ఈసారి గొంతు పెంచే అవసరం రాలేదు. ఇంటర్లో ఏం తీసుకోవాలో, సైకాలజీ డిగ్రీ ఎక్కడ చదవాలో, ఆ పైన ఏముందో రాసిద్దామని కాగితం తీశాను. ఆయన కళ్లకు కనపడాలని పెద్ద పెద్ద అక్షరాలు మొదలుపెట్టి, చటుక్కున ఆగి, ఆ కాగితం పక్కన పడేశాను. ఇంకోటి తీసుకుని అందరికీ రాసినట్టే చిన్న అక్షరాలతో రాసి, ఆయన చేతికే ఇచ్చాను.