చక్రధర్ చూపించే ఫస్టు ప్లేసు

చిత్తూరులో పెళ్లి వంటలు చేయించే లోకేశ్వరికి చక్రధర్‌ను చూస్తేనే రోత పుడుతుంది. గూగుల్లో వెతికేవాళ్లకు ఆమె కేటరింగే ముందు కనబడేట్టు చేస్తానని పనికి కుదిరిన మనిషి. వచ్చీ రాగానే ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుంటాడు. అడక్కుండానే తట్టలో వడ తీసుకుంటాడు. సిమ్ము తీసే సూదితో పళ్ల సందులు కెలుక్కుని, దాన్ని చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ జిడ్డు వేళ్లతోనే సెల్లు తీసి, "సూడక్కా, నువ్వే ఫస్టు! కాణిపాకం వినాయకుని మీద ప్రమాణం" అంటాడు. ఎన్ని అంగళ్లలో ఆ దేవుణ్ణి సాక్ష్యానికి ఈడ్చాడో! ఆర్డర్లేవి అంటే మాత్రం, "గూగులోడు రూల్సు మార్చినాడక్కా" అని నవ్వుతాడు.

ఈసారి లోకేశ్వరి అతని వెనకాల నిలబడి చూసింది. 'లోకేశ్వరి కేటరింగ్, గిరింపేట, చిత్తూరు' అని పొల్లుపోకుండా కొట్టాడు. మొదట ఆమె పేరే వచ్చింది.

"ఉండప్పా, నన్నెరగనోడు అట్ల కొడతాడా?" అని ఆమె సెల్లు అందుకుని, 'చిత్తూరులో పెళ్లి భోజనాలు' అని కొట్టింది. కిందికి, ఇంకా కిందికి తోసింది. ఊళ్లో వంటవాళ్లందరూ వచ్చారు, ఆమె తప్ప.

"అది వేరే ప్యాకేజీ అక్కా" అంటూ చక్రధర్ ఇంకో వడకు చెయ్యి చాచాడు.

లోకేశ్వరి తట్ట పక్కకు లాగేసింది.

"నన్ను పేరు పెట్టి పిలిస్తే నేను గాక ఇంకెవురు పలుకుతార్రా?"