రేణుక ఉతికిన నెత్తుటి చొక్కా

కోవిడ్ తర్వాత బడులు మళ్ళీ గాడిన పడుతున్న రోజుల్లో, జూబ్లీహిల్స్‌లో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే ఒక పాఠశాలలో నేను వృత్తి శిక్షణ విభాగానికి ఇన్‌చార్జిగా ఉన్నాను. వేసవి సెలవులకు ముందు ప్రిన్సిపాల్ గారు నాకొక కొత్త బాధ్యత అప్పగించారు. చివరి ఏడాది విద్యార్థులను బయటి సంస్థలకు పంపి, జీతం తీసుకుంటూ పని నేర్చుకునే ఏర్పాటు చేయాలి. ఉచిత శిక్షణ కాదు, జీతం. ఆ ఒక్క మాట దగ్గరే సగం సంస్థల వాళ్ళు టీ ఇచ్చి పంపించేశారు.

బంజారాహిల్స్‌లో ఒక బేకరీ, ఒక ఆసుపత్రి లాండ్రీ ఒప్పుకున్నాయి. సినిమా వాళ్ళ గడప కూడా తొక్కుదామన్నది నా సొంత పైత్యం. బడికి కూతవేటు దూరంలో ఇంత పెద్ద పరిశ్రమ పెట్టుకుని మా పిల్లలకు అందులో చోటు లేదంటే నాకు రోషం వచ్చేది. ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాణ సంస్థ కాస్ట్యూమ్స్ విభాగానికి అద్దెకు తీసుకున్న మేడ ఉంది. అక్కడికి వెళ్ళి ప్రొడక్షన్ మేనేజర్‌ను కలిశాను. నేర్పేదీ మేమే, డబ్బులిచ్చేదీ మేమేనా అని ఆయన అడిగారు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బులు తీసుకుంటూ పని నేర్చుకోని వాళ్ళు ఎవరున్నారో చూపించమన్నాను. ఆయనకు నవ్వాగలేదు. మూడు నెలల గడువు పెట్టి, ఒక అమ్మాయిని తీసుకుంటానన్నారు.

ఆ అమ్మాయి రేణుక. వయసొచ్చిన పిల్ల. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. తల్లి అంజమ్మ కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు తినే మెస్సులో వంట చేస్తుంది. ఇద్దరూ ఆ వెనక సందులోనే ఒక గదిలో కిరాయికి ఉంటారు. మా బడిలో వయోపరిమితి ఉంది. ఆ ఏడాదితో రేణుక చదువు ముగుస్తుంది. తర్వాత సంగతేమిటని అడిగితే అంజమ్మ దాచకుండా చెప్పింది.

"ఇంకేముంది మేడమ్, అర్రల పెట్టి తాళమేసి పోవుడే. నేను వంటకు పోకుంటే ఎట్ల ఎల్తది?"

ఆమె కఠినురాలు కాదు. కృష్ణానగర్ సందుల్లో పొద్దంతా ఆ పిల్లను ఒంటరిగా వదలడానికి భయం, అంతే. ఫిల్మ్‌నగర్ పని నిలబడితే ఆ తాళం అక్కర్లేదు. నిలబడకపోతే నా దగ్గర ఇంకో దారి లేదు.

కాస్ట్యూమ్స్ విభాగంలో డిజైనర్ పైన ఉంటారు, బట్టలు గీసి, ఎంపిక చేసి వెళ్ళిపోతారు. ఆ తర్వాత బట్టల మంచీచెడ్డా కాస్ట్యూమ్స్ చీఫ్‌ది. ఇక్కడి చీఫ్ సత్యం గారిది భీమవరం వైపు. గొంతు పెద్దది, కోపం చిన్నది. ఆయన కింద ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు ఉంటారు. సెట్ నుంచి వచ్చిన బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్లకు తగిలించే పనిలో రేణుకను పెట్టారు.

విద్యార్థి పక్కనే ఉండి పని నేర్పి, ఆ తర్వాత మెల్లగా తప్పుకునే మనిషిని మా వాడుకలో జాబ్ కోచ్ అంటారు. ఆ ఉద్యోగంలో కష్టమంతా తప్పుకోవడంలోనే ఉంది. పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ చేత చేయించి, చెయ్యి అలవాటు పడేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తాం. ఉతకడంలో మా బడి మొదటి మెట్టు: బట్టను వెలుగులో పెట్టి మరక వెతుకు. రెండోది: మరక కనబడితే ముందు దాని పని పట్టు. రేణుకకు ఈ రెండూ ప్రాణం. మా స్టాఫ్ రూమ్ కర్టెన్ల మీది టీ మరకలు తీసిన ఘనత తనదే. ఫిల్మ్‌నగర్‌లో నేను కొన్నాళ్ళు పక్కన కూర్చుని, తర్వాత గుమ్మం దాకా వెనక్కి జరిగి, చివరికి బడికి వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం సత్యం గారి నుంచి ఫోన్. గొంతు ఎప్పటికంటే పెద్దగా ఉంది. "మేడమ్ గారూ, మీరొకసారి రావాలండీ. మీ పిల్ల మా రక్తం కడిగేసింది!"

ఆటోలో వెళ్ళేసరికి విషయం బోధపడింది. సినిమాలో ఒక సన్నివేశాన్ని ఒకే రోజు తీయరు. పోట్లాటలో హీరో తమ్ముడికి కత్తిపోటు తగులుతుంది. కింద పడేదాకా ముందురోజు తీశారు, మిగతాది మర్నాడు తీయాలి. రెండు రోజులూ చొక్కా మీద మరకలు అచ్చం ఒకేలా ఉండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. అలాంటి బట్టలు లోపలి గదిలో విడిగా ఒక స్టాండుకు వేలాడతాయి. వాటి జోలికి ఎవరూ పోరు. పోకూడదని ఎవరూ చెప్పరు కూడా, సినిమాల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు ఆ మాట చెప్పాల్సిన పనేముంది?

రేణుకకు ఎవరూ చెప్పలేదు. సత్యం గారు సెట్‌కు వెళ్ళిన సమయంలో ఆమె లోపలికి వెళ్ళింది. మట్టీ రక్తమూ పట్టిన తెల్లచొక్కా కనబడింది. అంత పెద్ద మరక తన జన్మలో చూసి ఉండదు. చన్నీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, తీసిన చోటే తగిలించింది.

నేను లోపలికి అడుగుపెట్టగానే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మొత్తం పోయింది సూడుండ్రి మేడమ్!"

నిజంగానే మచ్చుకైనా లేదు. నాకు గర్వం, భయం రెండూ ఒకేసారి కలిగాయి. మేనేజర్ మాత్రం మర్యాదగానే చెప్పారు, ఈ ఏర్పాటు ఇక్కడితో ఆపేద్దామని. మర్యాదగా చెప్పే మనిషితో వాదించడం కష్టం. నాకు అంజమ్మ, ఆ గది, ఆ తాళం గుర్తొచ్చాయి.

ఈలోగా మేకప్ విభాగం నుంచి ఒకాయన ఎర్రరంగు కలిపిన పాకం గిన్నె తెచ్చాడు. ముందురోజు తీసి పెట్టుకున్న ఫొటోలు చూసి మరకలు మళ్ళీ వేయాలి. చొక్కాను బల్ల మీద పరిచి బ్రష్షు ముంచాడో లేదో, రేణుక వచ్చి చొక్కా లాక్కుని గుండెలకు అదుముకుంది.

"ఖరాబ్ జేస్తుండ్రు! గింత కష్టపడి ఉతికిన!"

నేను మా పద్ధతి ప్రయోగించాను. సూటిగా, చిన్న మాటల్లో, గొంతు పెంచకుండా: "రేణుకా, చొక్కా ఇవ్వు." ఇవ్వలేదు. మళ్ళీ చెప్పాను. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఏళ్ళ తరబడి పనిచేసిన పద్ధతి ఆ చొక్కా ముందు చతికిలపడింది. మేనేజర్ చూపు తిప్పుకున్నారు.

అప్పుడు సత్యం గారు నేల మీద రేణుక పక్కన చతికిలబడ్డారు. ఆయనకు మా పద్ధతులేవీ తెలియవు. కొత్తగా చేరిన అసిస్టెంటుకు చెప్పినట్టే చెప్పారు. ఫోన్ తీసి, పడిపోయిన తమ్ముడి ఫొటో చూపించారు. "చూడమ్మా, ఇతన్ని పొడిచేశారు. కింద పడ్డాడు. రేపు ఇక్కణ్ణించి లేస్తాడు. లేచేసరికి నువ్వు ఉతికిన చొక్కా వేసుకుని ఉంటే ఎలా ఉంటాడు?" అంటూ అదే నటుడు తెల్లచొక్కాలో నవ్వుతున్న ఇంకో ఫొటో చూపించారు.

రేణుక ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"దవాఖానకు పోకుంటనే మంచిగైండా?"

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్క పెట్టున నవ్వారు, మేనేజర్‌తో సహా. మేకప్ ఆయన గిన్నె కింద పెట్టేశాడు. రేణుక తనంతట తనే చొక్కా బల్ల మీద పరిచి, ముడతలు సాపు చేసి, బ్రష్షు చేతికందించింది. అంతటితో ఊరుకోలేదు. "ఇంకింత పొయ్యి సార్, బగ్గ తాకింది గదా" అని మొదలుపెట్టింది. సత్యం గారు చేతులు జోడించారు. "చాలు తల్లీ, ఇంకా పోస్తే చచ్చిపోతాడు. రేపు లేవాలి."

మర్నాడు షూటింగ్ సాఫీగా జరిగింది. దర్శకుడికి తేడా తెలియలేదట. మేనేజర్ ఆపేద్దామన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ మళ్ళీ ఎత్తనూ లేదు. గడువు అయ్యాక చూద్దామన్నారు. స్టాండుకు ఎర్రగుడ్డ కట్టి, గుడ్డ ఉంటే ముట్టకూడదని రేణుకకు నేర్పి, నా వంతు అయిపోయిందనుకున్నాను.

గడువు ముగిసే వారంలో నేను అక్కడే ఉండగా ఒక సంగతి జరిగింది. సెట్ నుంచి వచ్చిన మూటలో పసుపు మరకలతో ఒక పెళ్ళిచీర ఉంది. కొత్త కుర్రవాడెవరో దాన్ని ఉతికే బట్టల్లో పడేశాడు. ఎర్రగుడ్డా లేదు, గుర్తూ లేదు. నేను నేర్పిన దాని ప్రకారం ఉతికేయాలి. రేణుక చీర విప్పింది, వెలుగులో పెట్టింది, మరక చూసింది. బకెట్ వైపు వెళ్ళలేదు. చీర పట్టుకుని నేరుగా సత్యం గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, గీమె పెండ్లి అయిపోయిందా?"

సత్యం గారు చీర చూశారు. తాళి కట్టే ఘట్టం ఇంకా తీయాల్సి ఉంది. ఆయన రేణుక తల మీద చెయ్యి వేసి, మేనేజర్ గదిలోకి వెళ్ళారు. తలుపు వేసినా ఆ గొంతుకు తలుపొక లెక్క కాదు. "ఈ అమ్మాయిని పంపేస్తే నన్ను కూడా పంపేయండి" అనడం మెట్ల దాకా వినిపించింది.

రేణుకను నెలజీతం మీద పర్మనెంటుగా తీసుకున్నారు. ఆ సాయంత్రం అంజమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. గరిటె చేతిలో పట్టుకునే ఏడ్చింది, నవ్వింది, నన్ను తినకుండా కదలనివ్వలేదు. జూనియర్ ఆర్టిస్టులందరి మధ్య కూర్చుని కడుపునిండా తిన్నాను. నా సర్వీసులో అంత రుచిగా భోంచేసిన రోజు మరొకటి లేదు.

తర్వాత ఆ చీర గురించి చాలా ఆలోచించాను. ఎర్రగుడ్డ నేను నేర్పాను. గుడ్డ లేనిచోట పనికొచ్చింది సత్యం గారు చెప్పిన కథ. మా పిల్లలకు పని ఎలా చేయాలో ఓపికగా నేర్పేవాళ్ళం. ఎందుకు చేయాలో చెబితే తికమక పడతారని దాన్ని పక్కన పెట్టేవాళ్ళం. రేణుక తికమక పడింది అది తెలియక. ఆ పై ఏడాది నుంచి మా బడిలో ఉతకడానికి మొదటి మెట్టు మారింది. మరక వెతికే ముందు, ఈ బట్ట ఎవరిది, మళ్ళీ ఎప్పుడు కట్టుకుంటారు అని పిల్లలు అడగాలి. నేను రిటైరయ్యేదాకా ఆ మెట్టు ఎవరికీ కష్టం కాలేదు.