అర్విడ్ లాహ్తి జంట డిస్కులు

మా ఈలీ ఊళ్లో అర్విడ్ లాహ్తి ఇంట్లో ఏ వస్తువైనా జంటే. రెండు కప్పులు, రెండు మంచు పారలు, ఆవిరి స్నానం చేసే సానా గదిలో రెండు పీటలు. భార్య ఎల్మా పోయాక కూడా ఒక్కటీ తగ్గించలేదు. గనిలో కరెంటు పని చేసి రిటైరైనవాడు, మాట తక్కువ. పక్కింటిదాన్ని కాబట్టి ఆ కాస్త మాటా ఎక్కువగా నేనే రాబట్టేదాన్ని.

ఎల్మాతో చేపలవేటకు వెళ్లినప్పుడల్లా వీడియో తీసేవాడు. బేస్‌మెంట్ చెమ్మకు క్యాసెట్లు బూజు పడుతుంటే, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి వాటిని పారేశాడు. ఆ కంప్యూటరూ పాతబడింది. ఇక ఎల్మా గొంతు ఉన్నది అందులోనే. దానికో గట్టి చోటు చూడాలని కంప్యూటర్ డిస్కుల కొట్టుకు బయలుదేరుతూ, కంటి డాక్టరు దగ్గర దింపుతానని నన్నూ కారెక్కించుకున్నాడు. డాక్టరు దగ్గర నా పని ముందే అయింది. కొట్టు ముందు కారాపి, అందులోనే కూర్చోమన్నాడు. నేను కూర్చుంటానా?

కొట్టు నడిపే రెనీ చెప్పింది: "రెండు డిస్కులు పెట్టుకోండి. ఒకదాని మీద రాసింది రెండోదాని మీదా పడుతుంది. రెయిడ్ అంటారు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది."

"ఒకే రకం రెండివ్వు."

"అలా వద్దండీ. ఒకే రోజు ఒకే చోట తయారైనవి ఇంచుమించు ఒకేసారి పోతుంటాయి. రెండోది వేరే కంపెనీది తీసుకోండి."

"కలిసి పోతే తప్పేముంది?" అన్నాడు అర్విడ్.

రెనీ నా వైపు చూసింది. నేను డాక్టరు చుక్కలేసిన కళ్లు తుడుచుకున్నాను.

"సరే, మీ ఇష్టం. కానీ ఇంట్లో నిప్పంటుకుంటే రెండూ పోతాయి. ఇంకో కాపీ తీసి వేరే ఇంట్లో ఉంచండి."

"ఎవరింట్లో?"

"పిల్లలో, అన్నదమ్ములో..."

"లేరు."

నేను అతని మోచేతి పక్కనే నిలబడి ఉన్నాను. ఇటు తిరగలేదు. కారెక్కాక నేనే అడిగాను, "మాది ఇల్లు కాదటయ్యా?"

"నీ దగ్గర పెడితే ఊరంతా చూస్తుంది, ఫ్రాన్సీ."

"నాకు కంప్యూటరే లేదు. టోస్టర్లో పెట్టి చూపిస్తానా?"

నవ్వాడు. ఇవ్వలేదు.

కొన్నేళ్లకు, ఆ పాత కంప్యూటర్ కూడా పోయాక, మంచు కరిగే రోజుల్లో, ఒక డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. దాని చోట కొత్తది బిగించాడు. మిగిలిన పాత డిస్కులోదంతా కొత్తదాంట్లోకి ఎక్కాలి. వాల్‌నట్ రొట్టె కోసి పట్టుకెళ్లి నేనూ పక్కన కూర్చున్నాను. సగం ఎక్కిందో లేదో, పాతది కూడా టిక్కుటిక్కుమంది. అర్విడ్ జ్వరం చూసినట్టు డిస్కులున్న పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. చప్పుడు ఆగిపోయినా తియ్యలేదు.

"కలిసే పోయాయి," అన్నాడు.

నేను రొట్టె ముక్కలు మళ్లీ గుడ్డలో చుట్టాను.

సగం ఎక్కిన కొత్త డిస్కులోంచి రెనీ ఒక్క వీడియో ముక్క బయటికి తీయగలిగింది. అది ఎల్మా కెమెరా పట్టుకున్నప్పటిది. తెర మీద ఉన్నది చేపతో నిలబడ్డ అర్విడ్. ఎల్మా కనిపించదు, గొంతే వినిపిస్తుంది: "కాస్త నవ్వవయ్యా, నీకంటే ఆ చేపే హుషారుగా ఉంది!"

మరుసటి వారం మా వంటింటి తలుపు తట్టాడు. చేతిలో ఉన్ని మేజోడు, అందులో ఆ ముక్క ఎక్కించిన డిస్కు.

"పొయ్యికి దూరంగా పెట్టు. అయస్కాంతాలేమైనా ఉన్నాయా?"

"ఫ్రిజ్ మీద మనవడి బొమ్మకొకటి."

"దానికీ దూరంగా."

పిండి డబ్బా వెనక పెట్టాను. ఇప్పుడు శనివారం శనివారం రెండో మేజోడులో ఇంకో డిస్కు తెస్తాడు, ఇది వేరే కంపెనీది. ఇక్కడున్నది పట్టుకుపోతాడు. కొత్తగా ఎక్కించడానికి ఏముంది అతని దగ్గర? ఆ ఒక్క ముక్కే. అయినా మారుస్తాడు. మార్చి, కాఫీ పోస్తే తాగుతాడు, ఒక్క కప్పు.