నా వంతు స్తోత్రం

మా రెండేళ్ల పాప మశూచితో పోయిన మూడో వారం స్త్రీల కూడికకు వెళ్లాను. అప్పటికి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. ఆ రోజు వెళ్లకపోతే ఇక ఎన్నటికీ వెళ్లలేనేమోనని భయం వేసింది.

వరంగల్‌లో మా క్రైస్తవ సంఘపు స్త్రీలు ప్రతి శుక్రవారం గుడిలో చాప మీద కూర్చుని, ఆ వారం దేవుడు చేసిన మేలును ఒకరి తర్వాత ఒకరు చెప్పేవారు. నా వంతు వచ్చింది.

“నాకేం మేలు చేసిండని చెప్పాలె?” అంటూ లేచాను.

పక్కనున్న ముసలమ్మ, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ, నా కొంగు పట్టుకుంది.

“ఎటు పోతానవు బిడ్డా? కూసో. నీ వంతు నేను చెప్త.”

“అబద్ధం చెప్తవా అమ్మా?”

“ఉన్నదే చెప్త.”

“ఈమె సురువు చేస్తే పొద్దుగూకుడే,” అని ఎవరో గొణిగారు.

“నువ్వు జర ఊకో,” అని కసిరి, ఆమె కళ్లు మూసుకుంది. “ప్రభువా, ఈ పిల్ల నీ మీద అలిగింది. బిడ్డ పోతే అలగదా మరి? అలిగి కూడ నీ దగ్గరికే వచ్చింది. దీన్ని పోనియ్యకు తండ్రీ.”

సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బైబిలులో కీర్తనకారుడు దేవుణ్ణి నిలదీసిన మాటలు నాకు చిన్నప్పుడే కంఠస్థం. నేను కూడా అలా అడగవచ్చని మాత్రం తెలియదు.

చాలా వారాలు నా వంతు ఆమే చెప్పింది. వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం ఆమె జ్వరం వచ్చి రాలేదు. అందరూ నా వంతు దాటేయడానికి సిద్ధంగా ఉన్నారు.

“ఆ అమ్మను నాకిచ్చినవు, స్తోత్రం,” అన్నాను.

పాపను ఎందుకు తీసుకున్నాడో ఆయన నాకు ఈనాటికీ చెప్పలేదు. కానీ నేను అలిగినన్ని వారాలూ నా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాడు. దాన్నే నేను కృప అంటాను.